ప్లేస్‌మెంట్ 95 శాతమట.. దేంట్లో 95?

మల్కాజ్‌గిరి_నాన్న:
ఘట్‌కేసర్, బాచుపల్లి, మొయినాబాద్ ఎటు పోయినా ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీల మీద 90 శాతం పైనే ప్లేస్‌మెంట్లు. మరి బీటెక్ అయినాక అమీర్‌పేటలో మళ్లీ కోచింగ్‌కు కూర్చునేవాళ్లంతా ఎవరండీ? ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఏ కాలేజీ నిజంగా ఉద్యోగం దాకా చేరుస్తుందో ఎట్లా తేల్చుకోవాలి?

లవం_హారం:
శాతం లెక్కలో కింద, అంటే మొత్తం మంది అని ఏ అంకె పెట్టారో చూడండి, కిటుకంతా అక్కడే. చాలాచోట్ల 'ఎలిజిబుల్' వాళ్లనే లెక్కేస్తారు. అంటే పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండి, బ్యాక్‌లాగ్ (పాస్ కాని సబ్జెక్టు) లేనివాళ్లు. పైన మాత్రం ఆఫర్లు కూడతారు. ఒక్కరికే మూడొస్తే మూడు!

కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌కు పంపిన డేటాను కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో 'యూజీ 4 ఇయర్స్' టేబుల్ తీయండి. ఫస్టియర్‌లో చేరినవాళ్లు, డిప్లొమాతో నేరుగా సెకండియర్‌కొచ్చినవాళ్లు, టైముకు పాసైనవాళ్లు, ప్లేసైనవాళ్లు, వాళ్ల మీడియన్ జీతం (వరసలో పెడితే సరిగ్గా మధ్యన ఉండేది), పైచదువులకు పోయినవాళ్లు.. అన్నీ ఉంటాయి. 480 మంది చేరారు, డిప్లొమా నుంచి లేటరల్‌లో 60 మంది కలిశారు, 189 మంది ప్లేసయ్యారు, 51 మంది పైచదువులకు పోయారు అనుకోండి. ఎలిజిబుల్ 210 మందే అంటే ఫ్లెక్సీ మీద 90 శాతం. మొత్తం 540లో చూస్తే 35 శాతం. పైచదువుల వాళ్లను తీసేసినా 39 దాటదు.

ఒక్క లోటుంది. ఆ టేబుల్‌లో బ్రాంచీలన్నీ కలిపేస్తారు, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) చాటున సివిల్ దాక్కుంటుంది. బ్రాంచివారీ లిస్టు కాలేజీనే అడగాలి. హయ్యెస్ట్ ప్యాకేజీ గురించి అడక్కండి, దండగ.

సెక్షన్_ఎఫ్:
ఆ లిస్టులో ఆఫరొచ్చినవాళ్లు వేరు, జాయినైనవాళ్లు వేరు. ఎల్ఓఐ (తీసుకుంటామనే ఉద్దేశం తెలిపే లేఖ) ఇచ్చి నెలల తరబడి డేటు జరిపే కంపెనీలుంటాయి. ఇంటర్న్‌షిప్‌ను కూడా ప్లేస్‌మెంటుగా రాసేసే కాలేజీలూ ఉన్నాయి.

నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ బ్రాంచికి. ఎన్‌బీఏ గడువు ఎప్పటిదాకా ఉందో దాని సైట్‌లోనే చూడండి. ఇంకొకటి, 2024-25లో ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ, బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచి సీట్లపై గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. సీఎస్ఈ సెక్షన్లు ఒక్కసారిగా పెరిగినచోట ల్యాబ్‌లో కంప్యూటరుకు ఎంతమందో, పాఠం చెప్పేది ఎవరో కనుక్కోండి. పాత బ్యాచ్ ప్లేస్‌మెంట్లు చూపించి కొత్త సెక్షన్లు అమ్ముతున్నారు గదా.

కోఠి_డిగ్రీ:
బీటెక్కే కావాలని లేకపోతే దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీలు చూడండి. డిగ్రీ అయినవాళ్లకు కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్ ఉంది. అప్రెంటిస్‌షిప్ నిబంధనల 2019 సవరణలో గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000 స్టైపెండ్ పెట్టారు, ఆ కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. కంపెనీకి ఖర్చు తక్కువ కాబట్టి కొత్తవాళ్లను తీసుకోవడానికి వెనకాడదు. కానీ ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధనేమీ లేదు. కాంట్రాక్టు కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు.

మల్కాజ్‌గిరి_నాన్న:
మూడు కాలేజీల పీడీఎఫ్‌లు తీశా, ఒకదాంట్లో పాత ఏడాదిదే ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

లవం_హారం:
రాదండీ. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో సీటొచ్చి చేరితేనే.