కాలిఫోర్నియా స్టేట్ పార్కులో టెంట్ సైటు: పొద్దున్న 8 అంటే ఎవరి 8?

దిల్‌సుఖ్‌నగర్ తాతయ్య:
జూన్‌లో శాన్ హోసేలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. కారులో హైవే 1 మీద బిగ్ సర్ దాకా వెళ్లి, ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు టెంట్‌లో పడుకోవాలని మనవడి పట్టు. వాళ్లకి తీరిక లేదు కాబట్టి బుకింగ్ నా నెత్తిన పడింది. "రిజర్వ్ కాలిఫోర్నియా సైట్‌లో సరిగ్గా ఆరు నెలల ముందు, పొద్దున్న 8కి తెరుస్తారు నాన్నా" అన్నాడు. జూన్ 19 శుక్రవారం కోసం డిసెంబర్ 19న ఏడున్నరకే కాఫీ గ్లాసుతో కూర్చున్నా. ఎనిమిదిన్నరైనా ఆ తేదీ నొక్కితే పలకదు. సైట్ పాడైందనుకుని లేచిపోయా. మర్నాడు చూస్తే ఒక్కటీ మిగల్లేదు! తిరుమల 300 రూపాయల టికెట్లకి ఇంటిల్లిపాదికీ నేనే బుక్ చేస్తాను, ఇదేం ఖర్మ?

కొండాపూర్ క్యాంపర్:
బాబాయ్ గారూ, ఆ 8 వాళ్ల 8. మనకి ఇప్పుడు, డిసెంబర్‌లో, రాత్రి 9:30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరిపాక మనకి 8:30 అవుతుంది.
అయినా 9:30కి కూర్చున్నా ఆ శుక్రవారం కష్టమే. అక్కడ లెక్క దిగే తేదీని బట్టి. గురువారం దిగి మూడు రాత్రులు ఉండేవాళ్లు ముందురోజే శుక్ర, శనివారాలు కూడా పట్టేస్తారు. విజయవాడ బస్సులో ఎంజీబీఎస్‌లోనే సీట్లు నిండిపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కేవాళ్లకి ఏం మిగులుతుంది? పైగా జూన్ 19 అక్కడ సెలవు. మంగళ, బుధవారాలు చూడండి. టెంట్ సైటు నంబర్లు నాలుగైదు ముందే రాసుకోండి, మ్యాప్ చూస్తూ ఎంచుకునే టైమ్ ఉండదు. యోసెమిటీ కూడా అనుకుంటే అది నేషనల్ పార్కు, రిక్రియేషన్ డాట్ గవ్‌లో వెతకాలి.

ఆవకాయ అక్క:
దొరికాక సంగతి నేను చెప్తా. జూన్ అయినా రాత్రి చలేస్తుంది, పిన్నిగారికి స్వెట్టర్ తప్పనిసరి. టెంట్ సైటు దగ్గర ఇనప పెట్టె ఉంటే తిండి మొత్తం అందులోనే. మేం పులిహోర డబ్బా బల్ల మీద వదిలి పళ్లు తోముకుని వచ్చేసరికి రకూన్ అనే చిన్న అడవి జంతువు మూత ఊడదీసి కూర్చుంది. చేతులతో తింటోందండీ, అచ్చం మనలాగే! కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్లకండి, పురుగులు పాకుతాయని వద్దంటారు. అక్కడే కొనుక్కోండి.

దిల్‌సుఖ్‌నగర్ తాతయ్య:
నిన్న 23న రాత్రి నేను ల్యాప్‌టాప్‌లో, మా ఆవిడ ఫోన్‌లో కూర్చున్నాం. మంగళ, బుధ రెండు రాత్రులు దొరికాయి. దొరికింది ఆవిడకే. బాత్రూమ్ ఉందా అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది.

కొండాపూర్ క్యాంపర్:
ఉంది బాబాయ్ గారూ, వేణ్ణీళ్ల షవర్ కూడా. టెంట్ దగ్గర కరెంట్ మాత్రం ఉండదు, టార్చ్ మర్చిపోకండి.