ఫెదర్‌స్టన్‌హా ఇంటిపేరు: మూలం ఎక్కడ, ఎలా వెతకాలి?

ప్రశ్న
ఇంగ్లండులో అరుదైన ఫెదర్‌స్టన్‌హా (Featherstonehaugh) ఇంటిపేరు ఎక్కడ పుట్టింది? దీన్ని 'ఫాన్‌షా' అని పలుకుతారట. అయితే ఫాన్‌షా ఇంటిపేరువాళ్లూ వీళ్లూ ఒకటేనా? మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ పేరువాళ్ల జాడ ఎక్కడ దొరుకుతుంది?

జవాబు 1
మన ఇంటిపేర్లు చాలావాటిలాగే ఇదీ ఊరి పేరే. నార్తంబర్లాండ్‌లో హాల్ట్‌విజిల్ దగ్గర, సౌత్ టైన్ నది పక్కన ఫెదర్‌స్టన్ ఉంది. అక్కడి కోట ఇప్పటికీ నిలిచే ఉంది. ఇంగ్లీషులో ఫెదర్ అంటే ఈక అయినా, ఈకలతో దీనికి ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లీషులో 'ఫెదర్' అంటే నాలుగు, 'స్టాన్' అంటే రాయి. మూడు నిలువురాళ్లు, వాటిపైన ఒక అడ్డరాయి ఉన్న కట్టడమని అర్థం చెబుతారు. చివరి 'హా' ఏటి పక్కన పరుచుకున్న చదును నేల. ఎంత అందమైన పేరో చూడండి!

జవాబు 2
ఫాన్‌షా వేరండి. అది డర్బీషైర్‌లోని ఫాన్‌షా గేట్ నుంచి వచ్చింది. పలుకు ఒకటే కదా అని రెండు వంశవృక్షాలనూ కలిపేస్తే మొత్తం తప్పుతుంది. ఫెదర్‌స్టన్ అని పొట్టిగా రాసినవాళ్లంతా ఈ కుటుంబమే అనుకోవద్దు. యార్క్‌షైర్‌లోనూ స్టాఫర్డ్‌షైర్‌లోనూ అదే పేరుతో ఊళ్లున్నాయి.

జవాబు 3
వెతికేటప్పుడు తెలిసిన మనిషితో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. ఇంగ్లండులో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. ఆ నమోదుల సూచికలో ఉండేది పుట్టిన తేదీ కాదు, నమోదైన త్రైమాసికం. డిసెంబరులో పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మొదటి త్రైమాసికంలో కనిపించవచ్చు. స్పెల్లింగు స్థిరంగా ఉండదు: 'ఎఫ్ ఇ' తర్వాతి 'ఎ', 'స్టన్' చివరి 'ఇ' ఒకచోట ఉంటాయి, ఒకచోట ఉండవు. అందుకని అక్కడ అక్షరం ఉన్నా లేకున్నా దొరికేలా ఆ రెండుచోట్లా నక్షత్రం గుర్తు (*) పెట్టి వెతకండి.

అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని 1538లో మొదలుపెట్టించారు. 1752కు ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1720 ఫిబ్రవరి అని రాసుంటే మన లెక్కలో 1721. ఇది మరిచిపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు తేలుతుంది! 1858కి ముందు నార్తంబర్లాండ్ వీలునామాలు చాలావరకు డరమ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

మద్రాసు సంగతికొస్తే, ఇక్కడి చర్చిల బాప్టిజం, పెళ్లి, సమాధి నమోదుల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు (లండన్‌లో ఇండియా పాలన చూసిన శాఖ) రికార్డుల ఎన్/2 (N/2) వరుస. పాదిరీ లేని స్టేషన్లలో (ఇంగ్లీషువాళ్లు ఉద్యోగాల మీద ఉండే ఊళ్లలో) బాప్టిజం ఆలస్యమయ్యేది. పుట్టిన ఏడాదితో ఆపకుండా తర్వాతి నాలుగైదేళ్లూ చూడండి.