అమ్మను నాంపల్లి నుమాయిష్‌కు తీసుకపోవాలె, అదే రోజు పబ్లిక్ గార్డెన్స్ కూడ చూడొచ్చా?

కనగల్ బిడ్డ:
మాది నల్లగొండ దగ్గర కనగల్. 1994ల మా బాపు మా అందరినీ హైదరాబాద్‌ల ఏటా జనవరిల మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకపోయిండు. అప్పుడు అమ్మకు కొనిచ్చిన కశ్మీరు శాలువా ఇప్పటికీ ట్రంకుపెట్టెల వేపాకు మధ్యన ఉంది. బాపు పోయి రెండేండ్లయింది. మొన్న నా బిడ్డ ఫోన్ల జెయింట్ వీల్ చూస్తుంటే అమ్మ పక్కన కూసోని, "అక్కడ చిన్న రైలుండె, ఇంక నడుస్తదా?" అని అడిగింది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. అందుకే జనవరిల ఎట్లయినా తీసుకపోదామనుకుంటున్న. బిడ్డకేమో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంల ఉన్న ఈజిప్టు మమ్మీ చూడాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక్క రోజుల రెండూ అయితయా? ఏ దారిన పోతే మంచిది?

దేవరకొండ అక్క:
అయితయి చెల్లె. నేను కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌ల చదివిన, ఆ కాలేజీ నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ లోపలే ఉంటది. జనవరి వచ్చిందంటే మా క్లాసుల కిటికీలకెల్లి స్టాళ్లకు మేకులు కొట్టే చప్పుడే.

బస్సు దిగేది ఎం.జి.బి.ఎస్. పెద్ద బస్టాండుల కాదు, ఎల్బీ నగర్‌ల. అక్కడ మెట్రో ఎక్కితే ఎక్కడా మారే పని లేదు, తిన్నగ పబ్లిక్ గార్డెన్స్ దగ్గరి అసెంబ్లీ స్టేషన్‌కు పోతరు. లిఫ్టు ఉంటది, అమ్మకు మెట్ల బాధ లేదు. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటది, పండుగ సెలవులకు కూడ తెరవరు, కాబట్టి సంక్రాంతి నాడు పోకుండ్రి. మమ్మీ పేరు నైషు, రెండు వేల ఏండ్ల పైబడిన ఈజిప్టు ఆడబిడ్డ. పాప భయపడకుండ ముందే చెప్పి తీసుకపో. చూసినంక తోటల చెట్ల కింద అమ్మను ఓ గంట పండుకోనియ్యి. సద్ది కట్టుకపోతే ఇంకా మంచిది. నుమాయిష్ మొదలయ్యేదే సాయంత్రం, తొందరేం లేదు.

తోటకెల్లి నుమాయిష్‌కు అమ్మను నడిపించకు, ఆటో మాట్లాడుకో. గాంధీభవన్ గేటుకెల్లి లోపలికి పోతే, వచ్చేటప్పుడు మెట్రో పక్కనే ఉంటది. ఇంకొకటి, ఆదివారం వద్దే వద్దు. ఆ జనంల అమ్మ నిలబడలేదు.

పుట్టపాక మగ్గం:
బిడ్డా, మీరు చూడాలనుకున్నయి రెండూ ఒకప్పుడు ఒక్క తావునే ఉండె. 1938ల ఉస్మానియాల చదివిన పట్టభద్రులు మొదటి నుమాయిష్ పెట్టింది ఆ పబ్లిక్ గార్డెన్స్‌లనే. అప్పట్ల దాన్ని బాగే ఆమ్ అనేటోళ్లు. నూరు స్టాళ్లు, పది రోజులు, అంతే. మన రాజ్యంల తయారైన సరుకు మన జనానికి చూపెడదామని పెట్టిండ్రు. 1946ల ఇప్పుడున్న జాగకు మారింది. జూపార్క్ జంతువులు కూడ మొదట ఆ తోటలనే ఉండె, 1963ల బహదూర్‌పురకు పోయినయి. మా తాత పులిని చూసింది బాగే ఆమ్‌లనే.

నేను నుమాయిష్‌ల పదకొండేండ్లు చీరెల స్టాల్ పెట్టిన. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచినప్పుడు మాది వేరే లైన్ల ఉండె కాబట్టి దక్కింది. కాలిన స్టాళ్ల ముందు మనుషులు తెల్లారేదాక కూసున్నరు. ఆ మొఖాలు నాకింకా యాదికున్నయి.

అమ్మకు చీరె కొంటే ఒక మాట. పోచంపల్లి అని చెప్పి అచ్చు గుడ్డ అంటగట్టేటోళ్లు ఉంటరు. మేము నూలుకు ముందే ముడులేసి రంగులద్దుతం, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తం. అందుకే మన చీరెకు పువ్వు రెండు దిక్కులా ఒక్కతీరుగ కనవడుతది, పువ్వు అంచు కొద్దిగ చెదిరినట్టు ఉంటది. తిరగేసి చూడు. వెనుక వెలిసినట్టుంటే అది అచ్చు, పక్కన పెట్టెయ్యి.

కనగల్ బిడ్డ:
అందరికీ దండాలు. మొన్న మంగళవారం పోయొచ్చినం. రైలు ఉంది! అమ్మ మొదట "నేనెందుకు, పిల్లనెక్కించు" అన్నది. నేను మూడు టికెట్లు తీసిన. ఎక్కినంక ఒక్క మాట మాట్లాడలే, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని చుట్టూ లైట్లనే చూసింది. దిగినంక, "అప్పుడు మీ బాపు ఎక్కలే, పైసలు చాలలే. బయట నిలబడి చెయ్యూపిండు" అని చెప్పింది. ముప్పై ఏండ్లల ఈ మాట నాకెన్నడూ చెప్పలే.

దేవరకొండ అక్కా, తోటల నీడకు అమ్మ నిజంగనే నిద్రపోయింది. బాబాయ్, ఒక చీరె తిరగేసి చూసి వాపస్ ఇచ్చిన, రెండోది తీసుకున్న. శాలువా కొంటనంటే మాత్రం అమ్మ ఒప్పుకోలే, ఇంట్ల ఉంది కదా అన్నది. ఎల్బీ నగర్‌ల మిర్యాలగూడ బస్సు దొరికింది, నల్లగొండల దిగేసరికి పిల్ల నా భుజం మీద నిద్రల ఉంది.