250 మిల్లీలీటర్లలో కుదిరిన నానోకణాలు 16 లీటర్లలో ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న
కెమికల్ ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తున్నాను. ఫెర్రస్, ఫెర్రిక్ అనే రెండు రకాల ఇనుప లవణాలను 1:2 పాళ్లలో నీటిలో కరిగించి, అమ్మోనియా కలిపి మాగ్నటైట్‌ను (అయస్కాంత గుణమున్న నల్లని ఐరన్ ఆక్సైడ్) అవక్షేపిస్తున్నాను. 250 మిల్లీలీటర్లతో చేసినప్పుడు దాదాపు 10 నానోమీటర్ల కణాలు ప్రతిసారీ నిలకడగా వస్తున్నాయి. అదే గాఢతతో, అదే ఉష్ణోగ్రతలో 16 లీటర్లు చేస్తే చిన్నా పెద్దా కణాలు కలగలిసి వస్తున్నాయి, రంగు కూడా నలుపు నుంచి గోధుమకు తిరుగుతోంది. ఎంఆర్ఐ స్కాన్‌లో చిత్రం స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ ద్రవంగా పరీక్షించడానికి గ్రాములకొద్దీ పదార్థం కావాలి. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1
లోపం పాళ్లలో కాదండీ, ద్రావణాలు కలిసే వేగంలో ఉంది. క్షారం (ఇక్కడ అమ్మోనియా) తగిలిన చోట కణబీజాలు, అంటే కణాలుగా పెరిగే అతిచిన్న గింజలు, దాదాపు వెంటనే పుడతాయి; పెద్ద పాత్రలో మాత్రం ఆ క్షారం అంతటా పరుచుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దాంతో ధార పడుతున్న చోట కొత్త బీజాలు పుడుతూ ఉండగానే, అంతకుముందు పుట్టినవి పక్కన పెరిగిపోతూ ఉంటాయి. గోధుమరంగుకు కారణం గాలి. ఆక్సిజన్ ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చి మీ 1:2 పాళ్లను చెడగొడుతుంది, కాబట్టి నీటిలోకి ముందుగానే నైట్రోజన్ పంపి, చర్య ముగిసేదాకా ఆపకండి.

పెద్ద పాత్ర ఆలోచనే మానుకోమని నా సలహా. రెండు ద్రావణాలను పంపులతో టీ ఆకారపు సన్నని గొట్టంలో కలిపితే, ఎక్కువ పదార్థం కావలసినప్పుడు ఎక్కువసేపు నడిపితే సరిపోతుంది. గొట్టం గోడలకు కణాలు పట్టి పూడుకుపోవడం ఒక్కటే ఇందులో నిజమైన బాధ.

జవాబు 2
పరిమాణం ఒకేలా ఉండటమే ముఖ్యమైతే మరో దారి ఉంది. 2004లో సియోల్ నేషనల్ యూనివర్సిటీలోని తేగ్వాన్ హ్యోన్ బృందం, ఐరన్ ఓలియేట్‌ను (ఓలిక్ ఆమ్లంతో ఏర్పడిన ఇనుప లవణం) ఆక్టాడెసీన్ ద్రావణిలో దాదాపు 320 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడిచేసి, ఒకే విడతలో 40 గ్రాముల ఏకపరిమాణ కణాలను తయారు చేసింది. అక్కడ బీజాలు పుట్టడం తక్కువ ఉష్ణోగ్రతలోనూ, పెరగడం ఎక్కువ ఉష్ణోగ్రతలోనూ విడివిడిగా జరుగుతాయి కనుక, కలిపే వేగంపై ఆధారపడవలసిన అవసరం తగ్గుతుంది. అయితే ఆ కణాలకు ఓలిక్ ఆమ్లపు పూత ఉంటుంది, అవి నీటిలో కలవవు. ఆ పూతను మార్చే దశలోనే చాలామంది చిక్కుకుంటారు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు గొట్టం పద్ధతి ప్రయత్నిస్తాను. కడగడానికి ప్రస్తుతం అయస్కాంతం వాడుతున్నాను. పెద్ద మోతాదుకు కూడా అది సరిపోతుందా?

జవాబు 3
సరిపోదు. అయస్కాంతం ముందుగా పట్టేది పెద్ద గుంపులనే. మీకు కావలసిన చిన్న కణాలు చాలావరకు నీటితోపాటే పోతాయి. పొర మీదుగా ద్రవం అడ్డంగా ప్రవహించే వడపోత వాడితే కణాలు నిలిచి, లవణాలు బయటికి పోతాయి. ఆ తర్వాత 0.22 మైక్రాన్ల ఫిల్టరు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరీక్ష తప్పనిసరి.

ఈ జాగ్రత్తలను తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. కిడ్నీ జబ్బుతో రక్తహీనత ఉన్నవారి కోసం అమెరికాలో 2009లో ఆమోదం పొందిన ఫెరుమాక్సిటాల్ కూడా ఐరన్ ఆక్సైడ్ నానోకణమే. ఒక్కో మోతాదులో 510 మిల్లీగ్రాముల ఇనుము నేరుగా రక్తంలోకి వెళుతుంది. అలర్జీ ప్రమాదం కారణంగా 2015లో దాని లేబుల్‌పై తీవ్ర హెచ్చరిక చేర్చారు. అందుకే గ్రాములు లెక్కించేముందు, ఏ పరిమాణపు కణాలు ఎన్ని ఉన్నాయో చూపే వక్రరేఖలను వరుసగా మూడు విడతలకు ఒకే గ్రాఫుపై గీసి ఇక్కడ పెట్టండి. మూడూ ఒకదానిపై ఒకటి సరిగ్గా పడితే పూత గురించి మాట్లాడుకుందాం.