అప్‌డేట్: బరువు కారు ప్రయోగం కుదిరింది

చీమకుర్తిలో మా ఏడో తరగతి పిల్లలు వాలు పలక మీద వదిలిన ఖాళీ బొమ్మ కారు, గ్రానైట్ ముక్కలు నింపిన కారు దాదాపు ఒకేసారి దిగుతున్నాయి, మరి ద్రవ్యరాశి ప్రభావం ఎలా చూపించాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పలక తీసేసి, కారుకు దారం కట్టి, బల్ల అంచున ఖాళీ దారం రీలు మీదుగా పెద్ద నట్టు వేలాడదీశాం. లాగే బరువు మారలేదు. ఖాళీ కారు రివ్వున పోయింది, ముక్కలు వేసేకొద్దీ నెమ్మదించింది. పిల్లల కేకలకు పక్క క్లాసు వాళ్లు కూడా వచ్చేశారు! వాలులో బరువుతో పాటు కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుందని ఇప్పుడు వాళ్లే వివరిస్తున్నారు. చేసేవాళ్లు ఇరుసులకు కుట్టుమిషన్ నూనె తప్పకుండా వేయండి, లేదంటే రాపిడి లెక్క చెడగొడుతుంది. “ఒకే వేగంతో వస్తుంటే బరువు కారును ఆపడమే కష్టమా సార్?” అని ఒక పాప అడిగింది. రేపు అదే చేయిస్తాను. అందరికీ చాలా థాంక్స్.