తింత్రిణీ పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలి: ఈ ‘ఉడుకు’ వేడా, ఉడికిందా?

లియాన్‌వాసి:
శ్రీనాథుడిదని చెప్పే ఫుల్లసరోజనేత్ర పద్యం మూడో పాదంలో ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. “తింత్రిణీ పల్లవ యుక్తమౌ” (చింతచిగురు కలిసిన) తర్వాత నా నోటికి ‘నుడుకు బచ్చలి’ అనే వస్తుంది. ఆ ఉడుకు ఏ ఉడుకు?

ఇప్పుడెందుకొచ్చిందయ్యా ఈ గొడవ అంటారని సందర్భం కూడా చెబుతున్నాను. మా ఆఫీసులో రిటైరవుతున్న పెద్దాయన నన్ను ఇక్కడ ఫ్రాన్సులో ఊష్ అనే పల్లెకు భోజనానికి తీసుకెళ్ళాడు. రోఆన్ ఊరు దాటగానే వస్తుంది. అక్కడి భోజనశాల త్రువాగ్రో కుటుంబం వాళ్ళది. 1930లో రోఆన్ రైల్వేస్టేషన్ ఎదుట హోటల్ మొదలుపెట్టారు. 1968లో వచ్చిన మిషెలిన్ గైడు మూడో నక్షత్రం, అంటే భోజనశాలలకు వాళ్ళిచ్చే పై మెట్టు, ఇప్పటికీ పోలేదు. 2017లో స్టేషన్ ఎదుటి చోటు వదిలేసి పొలాల మధ్యకు మారిపోయారు. భోజనశాల పేరు ‘ఆకుల్లేని అడవి’. పాత ఓక్ చెట్టు చుట్టూ అద్దాల గోడలు, సన్నటి ఇనప స్తంభాలు.

1962లో ఈ ఇంటి అన్నదమ్ములు జాఁ, పియేర్ సాల్మన్ చేపను ఓజెయ్ అనే పుల్లాకుతో వండారట. ఇంటి పేరు దేశదేశాల మోగింది దానితోనే. పలచగా కోసిన ముక్కను పెనం మీద నిమిషం కూడా ఉంచరు. చేపలు మరిగించిన నీళ్ళు, వైను, మీగడ కలిపి చిక్కబరిచి, చివరి క్షణంలో ఆకు వేసి, దాని మీద చేప పెడతారు. ఆ గౌరవానికి రోఆన్ స్టేషన్‌కు చేప గులాబీ రంగూ, ఆకుపచ్చా వేశారని పెద్దాయన చెప్పాడు. నా పళ్ళెంలోకి వచ్చింది వేరే వంటకమే గానీ, పైన ఆ ఆకు ఉంది. నాలిక మీద పడగానే చింతచిగురే! ఉండబట్టలేక పద్యం చదివి అర్థం చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు: మీ కవి ఆ కూరను వేడివేడిగా తినమన్నాడా, ఉడికించి తినమన్నాడా? ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

సీమపంతులు:
ఇందులో అనుమానమేముంది స్వామీ? ఉడుకంటే వేడి. మా కడప దిక్కు ఉడుకునీళ్ళు, ఉడుకుడుకు సంగటి అంటాం. పద్యం నడక చూడండి.

ఫుల్లసరోజనేత్ర! యల పూతన చన్నుల చేదు ద్రావి నా
డల్ల దవాగ్ని మ్రింగితి నటంచును నిక్కెదవేల? తింత్రిణీ
పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలి శాకము జొన్నకూటితో
మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము నీ పస కాననయ్యెడిన్.

కృష్ణుడు గొప్పలు పోయేది రెండింటికి: చేదు తాగాడు, నిప్పు మింగాడు. కవి పెట్టే పరీక్షలో ఆ రెంటికీ జోడు ఉండాలి కదా. చేదుకు పోటీ చింతచిగురు పులుపు, దవాగ్నికి పోటీ ఉడుకు. చల్లారిన బచ్చలికూర పెడితే కార్చిచ్చు మింగినవాడికి అదేం సవాలు?

గోదారిగట్టు:
జోడు బాగానే కుదిర్చారు పంతులుగారూ, కానీ వ్యాకరణం ఏమంటుందో కూడా చూడాలి. ‘ఉడుకు’ ఇక్కడ ధాతువు. పాడు పక్షి, పారు నీరు, ఉడుకు బచ్చలి. తద్ధర్మార్థక విశేషణం, ఆ వస్తువుకు సహజమైన పనిని చెప్పేది. అంటే ఉడికే బచ్చలి, ఉడికించుకు తినే ఆకుకూర. వేడికీ చల్లదనానికీ సంబంధం లేదు. అసలు ఆ పద్యంలో సవాలంతా జొన్నకూడు. పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది, దానికి తోడు బచ్చలి జిగురు. సన్నబియ్యం తిన్న నోరు అది.

పలనాటి నాపరాయి:
మళ్ళీ మొదలెట్టారా మా ఊళ్ళమీద? “జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము జొన్నపిసరు” అని ఆయన వెక్కిరించి పోయి ఆరొందల ఏళ్ళు కావస్తోంది, మీరింకా కోనసీమలో కూర్చుని నవ్వుతున్నారు. చింతచిగురు వేసిన బచ్చలికూర, జొన్నన్నం ఒకసారి తిని చూడండి. శ్రీనాథుడికి వండిపెట్టిన ఇల్లాలు పద్యం రాయలేదు కాబట్టి మనకు ఒకవైపు కథే మిగిలింది. లియాన్‌వాసి తమ్ముడూ, మూడు నక్షత్రాలవాళ్ళు పుల్లాకు వేస్తే ఘనత, మా అమ్మమ్మ వేస్తే ‘నీ పస కాననయ్యెడిన్’.

కొత్తచిగురు:
ఓజెయ్ అంటే సోరెల్ కదా, సోరెల్ అంటే గోంగూర. కాబట్టి చింతచిగురు పోలిక ఎందుకు, ‘గోంగూర చేప’ అంటే సరిపోదా?

మూలికల మామ:
సరిపోదు బాబూ. ఇంగ్లీషువాళ్ళు గోంగూర జాతిని కూడా ఎర్ర సోరెల్ అనేసి గందరగోళం చేశారు. గోంగూర మందార కుటుంబం. ఫ్రెంచివాళ్ళ ఓజెయ్ రూమెక్స్ జాతి, అంటే మన చుక్కకూరకు సొంత అక్కచెల్లెలు. పులుపులోనూ తేడా ఉంది. చుక్కకూర, ఓజెయ్‌ల పులుపు ఆక్సాలికామ్లం. చింతపండు పులుపు టార్టారికామ్లం, ద్రాక్షలో ఉండేదీ అదే. ఓజెయ్ వేడి తగలగానే పచ్చదనం పోయి మాసిన రంగుకు తిరుగుతుంది, అందుకే దాన్ని ఆఖర్న వేస్తారు. చుక్కకూర వండిన ప్రతివాడికీ ఇది తెలుసు.

ఇక నా సిద్ధాంతం. “తిన్తిడీకం చ చుక్రం చ వృక్షామ్లమ్” అన్నాడు అమరకోశంలో అమరుడు. తింతిడీకం, చుక్రం ఒకే వరసలో ఉన్నాయి. చుక్రం నుంచే చుక్కకూర వచ్చిందంటాను. అంటే తింత్రిణీ పల్లవం చింతచిగురే కానక్కర్లేదు, చుక్కాకు కూడా కావచ్చు! అప్పుడు శ్రీనాథుడు తిన్నదీ, లియాన్‌వాసి తిన్నదీ దాదాపు ఒకే ఆకు.

గోదారిగట్టు:
మామా, అమరుడు అక్కడ చెప్తున్నది వంటింటి పులుపు దినుసుల సంగతి. చెట్ల దగ్గరికి వెళ్తే “తిన్తిడీ చిఞ్చామ్లికా” అని విడిగా స్పష్టంగా ఉంది. చుక్రిక చాంగేరి అనే పుల్లాకుతో కలిసి మరోచోట ఉంది. మీ అక్కచెల్లెళ్ళను కలపడానికి అమరుణ్ణి పెళ్ళిళ్ళ పేరయ్యను చేయకండి. పైగా పల్లవం అన్నాడు. చుక్కకూరకు పల్లవమేమిటి, అదంతా ఆకే.

సీమపంతులు:
ఆకు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నేను ఉడుకు వదలను. తద్ధర్మం అన్నారు, సరే. బచ్చలి ఉడికించుకు తినేదని శ్రీకృష్ణుడికి చెప్పాలా? ఉన్నవి మూడు లఘువులు, వాటిలో పనికిరాని మాట పెడతాడా కవిసార్వభౌముడు?

గోదారిగట్టు:
మూడు లఘువుల ఇరుకే కారణం. ‘ఉడికిన’ అంటే నకారంతో కలిపి నాలుగు లఘువులవుతాయి, నగణంలో పట్టదు. అందుకని ‘ఉడుకు’తో సర్దాడు.

సీమపంతులు:
శ్రీనాథుడు సర్దాడా! ప్రౌఢదేవరాయల కొలువులో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నవాడు ఒక నగణం దొరక్క సర్దుకున్నాడా!

తెలంగాణ తంగేడు:
పంతులుగారికే నా ఓటు. మా దగ్గర కూడా ఉడుకునీళ్ళే, ఎండాకాలం ఉడుకపోతే. కృష్ణ, గోదావరి జిల్లాలవాళ్ళు వేడి అనే మాటకు అలవాటుపడి ఉడుకును ఒక్క వంటకే అంటగట్టారు. అందుకే వాళ్ళకు ఈ పాదంలో పొయ్యి కనిపిస్తుంది, మాకు పొగలు కనిపిస్తాయి.

ఇంకోటి. చింతచిగురు వచ్చేది ఎండలు ముదిరేటప్పుడు. అసలే పలనాటి ఎండ, అందులో పొగలుగక్కే కూర. ఆ ఉక్క కూడా ఈ మాటలో ఉందని నా అనుమానం.

గోదారిగట్టు:
వేడి, వంట అయిపోయాయి, ఇప్పుడు వాతావరణం. ఇక ఎవరో “నా కవిత్వంబు నిజము కర్ణాట భాష” అని కన్నడ నిఘంటువు తెరవడమే మిగిలింది. ఆ పని చేస్తే నేను గుంపులోంచి వెళ్ళిపోతాను.

అరసున్న:
మీరంతా పాఠం చూడకుండా అర్థానికి కొట్టుకుంటున్నారు. మా తాతగారు ‘నుడుకఁ బచ్చలి’ అని చదివేవారు. ఉడుకన్, ద్రుతాంతం, చివర నకారం ఉంది. అంటే ఉడుకుతూ ఉండగానే, పొయ్యి మీంచి దించకుండానే తినమని. అప్పుడు వేడీ వచ్చింది, వంటా వచ్చింది. ఇద్దరూ నెగ్గారు.

గోదారిగట్టు:
ఇద్దరూ నెగ్గారు గానీ అన్వయం ఓడిపోయింది. ఉడుకన్ అంటే అది ఏ క్రియను పట్టుకోవాలి? మ్రింగుము దాకా పోవాలంటే మధ్యలో శాకము, జొన్నకూడు, మెల్లన, ముద్ద అన్నీ దాటాలి. పైగా ఉడికే కుండలోంచి ‘మెల్లన’ ఎలా మింగుతాడు?

సీమపంతులు:
చూశారా! ‘మెల్లన’ ఎందుకు వేశాడు? వేడిగా ఉంది కాబట్టి! చల్లటి కూరను ఎవరైనా మెల్లగా మింగుతారా? ఊదుకుంటూ మింగవయ్యా దవాగ్ని మింగినోడా అని ఎకసెక్కం.

పలనాటి నాపరాయి:
లేదా జొన్న గొంతులో పట్టుకుంటుంది కాబట్టి. ఇదొక్కటి మాత్రం గోదారిగట్టువారికి ఇస్తాను, కూడు మాదే కాబట్టి.

లియాన్‌వాసి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆ భోజనం గురించి అడిగినవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు వంటిల్లు చూసేది పియేర్ మనవడు సెజార్. అతని తండ్రి మిషెల్ హయాం నుంచీ ఆ ఇంటికి పులుపు మీద మోజని పేరు, అది నిజమేననిపించింది. చివరిదాకా ఏదో ఒక మూల నిమ్మో, పుల్లాకో పలుకుతూనే ఉంది. పెద్దాయన చెప్పిన ఇంకో సంగతి మాత్రం చర్చకు పనికొస్తుందేమో. 1973లో గో, మిల్యో అనే ఇద్దరు విమర్శకులు అప్పటి కొత్త తరం వంటవాళ్ళకు ఒక ప్రణాళికలాంటిది రాశారు. అందులో మొదటి పట్టు: అతిగా ఉడికించకు. అందుకే ఆయన అంత పట్టుగా అడిగాడు.

బిల్లు పెద్దాయనే కట్టాడు. నేను చూడలేదు, చూడనివ్వలేదు.

ఫ్రెంచి మేస్త్రి:
వాళ్ళ వాడుకభాషలో ఓజెయ్ అంటే డబ్బు కూడా. మనం ‘పైసలు’ అన్నట్టు. కాబట్టి మీ పెద్దాయన ఓజెయ్ తినిపించి ఓజెయ్ కట్టాడు. నాలుగో పాదంలోని ‘నీ పస’ అక్కడ నగదు రూపంలో తేలింది.

సీమపంతులు:
శ్రీనాథుడు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఫుల్లసరోజనేత్ర పద్యం చెప్పేవాడు కాదు. లేచేటప్పుడు “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు” అనేవాడు.

మూలికల మామ:
అబ్బా, ఆ పద్యం ఎత్తకండి పంతులుగారూ. “కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు.” పైరు ఏట్లో పోతే, మిగిలింది పిట్టలు తింటే, శిస్తు బాకీకి కవిసార్వభౌముణ్ణి ఎండలో నిలబెట్టారు. పిట్టలు అంటే సరిపోయేచోట ‘బిలబిలాక్షులు’ అన్నాడు చూడండి, ఆ దుఃఖంలో కూడా చెవికి ఆ కిచకిచ వినిపించాలి. ఒక్క మాట కోసం ఆయన పడే మోజు అది.

పలనాటి నాపరాయి:
బాకీ పడ్డ బొడ్డుపల్లె మాది కాదని మాత్రం మనవి.

గోదారిగట్టు:
చాటువులన్నీ ఆయన నెత్తినే వేయడం మానేద్దామా? జొన్న అన్నా, దారిద్య్రం అన్నా, రెడ్డిరాజుల కాలం అన్నా వెంటనే శ్రీనాథుడు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఏరి కూర్చకపోతే సగం గాలికి పోయేవి, మిగతా సగం ఎవరివో తేల్చలేం. ఫుల్లసరోజనేత్ర మాత్రం ఆయనదే అంటాను, ఆ ‘నిక్కెదవేల’ వల్ల. దేవుణ్ణి నిక్కుతున్నావేమిటని నిలదీసే చనువు గంగ విడుము పార్వతి చాలున్ అన్నవాడికే ఉంటుంది.

సీమపంతులు:
అమ్మయ్య, ఒక్కదాంట్లో ఏకీభవించాం. ఇక ఉడుకు?

గోదారిగట్టు:
ఉడికిన. పూర్తిగా ఉడికిన. అతిగా ఉడికినా అభ్యంతరం లేదు.

సీమపంతులు:
లియాన్‌వాసిగారూ, మీ పెద్దాయనకు ‘వేడి’ అని రాసేయండి. ఆయన బాలవ్యాకరణం తెరవడు.

అరసున్న:
రాసేముందు ఒకటి. ‘యుక్తమౌ’ మీద ‘నుడుకు’కు నకారం ఎక్కడిదో ఒక్కరూ అడగలేదు. ఉదంత (ఉకారంతో ముగిసే) తద్ధర్మార్థకానికి అచ్చు పరమైతే నుగాగమం, అంటే మధ్యలో నకారం చేరుతుంది, ఒప్పుకున్నాను. అగునుడుకు అన్నప్పుడు కుదురుతుంది. కానీ ఔకారాంతమైన ‘ఔ’కు ఉదంతమెక్కడిది? ‘అగు’ చోట వచ్చింది కాబట్టి ‘ఔ’ను కూడా ‘అగు’లాగే చూడాలని స్థానివద్భావం అంటారా? అయితే ప్రయోగం చూపించండి. శ్రీనాథుడిదే కావాలి, చాటువుల్లోంచి ఒద్దు.