ఉబుంటు 22.04లో 6.10 కర్నెల్: హెడర్ల డిపెండెన్సీని బలవంతంగా దాటేయొచ్చా?

వనపర్తి_కుర్రాడు:
కొత్త లాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 వేశాను. పాత పెన్‌డ్రైవ్‌తో వేసింది కాబట్టి కర్నెల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) 5.15 వచ్చింది. వైఫై కార్డు రియల్‌టెక్ 8852బీఈ, అసలు కనిపించడం లేదు. ఒక వీడియోలో చెప్పారని 6.10 మెయిన్‌లైన్ కర్నెల్ (ఉబుంటు మార్పులు లేని అసలు కర్నెల్) డెబ్ ఫైళ్లు, అంటే ప్యాకేజీలు, నెట్ సెంటర్‌లో దింపుకొచ్చి డీపీకేజీ కమాండ్‌తో ఎక్కించాను. ఇమేజ్ (కర్నెల్ అసలు ఫైల్), మాడ్యూల్స్ (డ్రైవర్ల ముక్కలు) ఎక్కాయి. బయటి డ్రైవర్లు కట్టడానికి కావాల్సిన హెడర్ల దగ్గర ఆగింది. లిబ్‌సీ6 (ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) 2.38 కావాలి, నీ దగ్గర 2.35 ఉంది అంటోంది. లిబ్‌ఈఎల్‌ఎఫ్1టీ64, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 కూడా లేవట. బలవంతంగా ఎక్కించొచ్చా అన్నా?

దేవరకొండ_టక్స్:
ఎక్కించొచ్చు తమ్మీ. టీ64 అంటే భయపడకు, అది పేరు మార్పే. 32 బిట్ మెషిన్లలో 2038 తర్వాత టైమ్ లెక్క తప్పకూడదని ఆ లైబ్రరీలకు కొత్త పేర్లు పెట్టారు. మన 64 బిట్ మెషిన్లలో అవి పాత లైబ్రరీలే. డీపీకేజీ-డెబ్‌తో ప్యాకేజీ విప్పు, కంట్రోల్ ఫైల్‌లో ఏవేవి కావాలో చెప్పే డిపెండ్స్ లైన్ దిద్దు, మళ్ళీ కట్టు. ఎక్కుతుంది.

పాలమూరు_ల్యాబ్:
వద్దు. టీ64 సంగతి ఒప్పుకుంటా, మరి లిబ్‌సీ 2.38 మాటేంటి? హెడర్ల ప్యాకేజీలో ఉత్త హెడర్ ఫైళ్లే ఉండవు. మాడ్యూల్ కట్టేటప్పుడు నడిచే ఫిక్స్‌డెప్, మాడ్‌పోస్ట్, ఆబ్జ్‌టూల్ లాంటి చిన్న ప్రోగ్రాములు కూడా కంపైలై అందులోనే వస్తాయి. వాటిని కొత్త లిబ్‌సీ ఉన్న సిస్టమ్‌లో కట్టారు. స్ట్రింగ్‌ను అంకెగా మార్చే ఫంక్షన్లకు గ్లిబ్‌సీ (లిబ్‌సీ6లో ఉన్నది ఇదే) 2.38లో కొత్త రూపాలు వచ్చాయి, ఈ ప్రోగ్రాములు వాటినే పిలుస్తాయి. ఆ 2.38 అన్నది ఎవరో ఊరికే రాసిన అంకె కాదు, ప్రోగ్రాములు వాడే ఫంక్షన్లను చూసి ప్యాకేజీ కట్టేటప్పుడు లెక్కగట్టింది. నువ్వు దాన్ని దిద్దితే డీపీకేజీ ఊరుకుంటుంది. డీకేఎంఎస్ (కర్నెల్ మారినప్పుడు బయటి డ్రైవర్లను మళ్ళీ కట్టే ప్రోగ్రామ్) మొదలవగానే గ్లిబ్‌సీ 2.38 దొరకలేదని అక్కడే ఆగిపోతుంది.

మిర్యాలగూడ_24:
ఉబుంటు 24.04 రిపో (ప్యాకేజీలు దొరికే చోటు) లైన్ సోర్సెస్ ఫైల్‌లో కలిపి ఒక్క లిబ్‌సీ6 తెచ్చుకుంటే పోలా?

పాలమూరు_ల్యాబ్:
ఆ పని మాత్రం దయచేసి చేయకండి. మా ల్యాబ్‌లో ఒకతను ఎక్కడో చదివి ఇదే చేశాడు, అదీ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డప్పుడు. లిబ్‌సీ కొత్తది, మిగతావి సగం పాతవి, సగం కొత్తవి. ఏది ఎక్కించమన్నా ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే, తీసే కమాండ్) ఇంకోదాన్ని తీసేస్తానంటుంది. అతను ఎస్ కొట్టుకుంటూ పోయాడు, చివరికి డెస్క్‌టాపే పోయింది. లిబ్‌సీని వెనక్కి దించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఆ వారమంతా పిల్లలు ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురేసి కూర్చున్నారు.

దేవరకొండ_టక్స్:
సార్, రిపో కలపమని నేను అన్లేదు. టీ64 పేరు మార్పే అన్నాను, అది తప్పా? పైగా ఈ తమ్ముడికి కావాల్సింది వైఫై. ఆ కార్డు డ్రైవర్ 6.2 నుంచి కర్నెల్‌లోనే ఉంది. బయటి డ్రైవర్ కట్టే పనే లేదు, హెడర్లు లేకపోయినా నడుస్తుంది.

పాలమూరు_ల్యాబ్:
లేకపోయినా నడిచేదాన్ని కంట్రోల్ ఫైల్ దిద్ది మరీ ఎక్కించమని ఎందుకు చెప్పారు?

దేవరకొండ_టక్స్:
వాడు అడిగింది అదే కాబట్టి! ఇక్కడ ఎవరు ఏది అడిగినా వద్దు, ముట్టుకోకు, రీఇన్‌స్టాల్ చెయ్. నేను ఇంటర్లో ఉన్నప్పుడు పాత లాప్‌టాప్ పట్టుకుని షాపుకు పోతే, నీకెందుకు ఇవన్నీ, విండోస్ వేసుకో అని పంపించారు. ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. డెబ్ విప్పి లోపల ఏముందో చూసిన రోజే నాకు లైనక్స్ అర్థమైంది. ఇవాళ ఆ పనితోనే బతుకుతున్నా. మీరు మీ ల్యాబ్‌ను చూసి అందరికీ ఒకటే మందు రాస్తున్నారు.

గద్వాల_నెట్:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. తమ్ముడూ, 6.10తో బూట్ చేశావా? వైఫై వచ్చిందా?

వనపర్తి_కుర్రాడు:
సెక్యూర్ బూట్ (సంతకం లేని కర్నెల్‌ను ఆపే రక్షణ) ఆపితే బూట్ అయింది అన్నా. వైఫై రాలేదు. డీమెసేజ్‌లో (కర్నెల్ సందేశాల్లో) ఫర్మ్‌వేర్ ఫైల్, అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్, లోడ్ కాలేదని ఉంది. ఇంకోటి చెప్పలేదు, నాకు ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. 5.15లో పనిచేసేది, 6.10లో డ్రైవర్ దొరకడం లేదు.

పాలమూరు_ల్యాబ్:
అదిగో, ఎన్‌విడియాది బయటి డ్రైవర్, అది ఉంటే హెడర్లు కావాల్సిందే, ఈ హెడర్లతో అది కట్టుకోదు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా నీ పెన్‌డ్రైవ్ నాటిదే, అందుకే వైఫై రాలేదు. ముందు ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొట్టు, సగంలో ఆగిన హెడర్లను తీసేస్తుంది, తియ్యనివ్వు. 5.15లోకి వెళ్లి, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెదరింగ్ ఆన్ చెయ్. దానికి వైఫై డ్రైవర్‌తో పనిలేదు. తర్వాత ఆప్ట్ అప్‌డేట్, ఫుల్ అప్‌గ్రేడ్. 22.04 కోసమే కట్టిన హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే) కర్నెల్ 6.8 వస్తుంది. దాని హెడర్లు నీ దగ్గరున్న లిబ్‌సీతోనే సరిపెట్టుకుంటాయి. అది సంతకం ఉన్న కర్నెల్, సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు.

దేవరకొండ_టక్స్:
6.8తో పనవుతుంది, కాదనను. కానీ రేపు 6.8లో లేని కార్డు కొంటే? అప్పుడూ వద్దనే అంటారా?

పాలమూరు_ల్యాబ్:
అనను. నా బాధ డెబ్ విప్పడం గురించి కాదండీ. ఈ కుర్రాడికి ఉన్నది ఒకే లాప్‌టాప్. ఎక్కించొచ్చు అన్నారు సరే, పాడైతే వెనక్కి ఎలా రావాలో ఒక్క లైన్ రాశారా? మా ల్యాబ్‌లో అతనికి సలహా ఇచ్చినవాళ్లూ రాయలేదు.

దేవరకొండ_టక్స్:
మీరూ ఎందుకు వద్దో చెప్తారు గానీ, సొంతంగా కట్టుకునే దారి ఎవరికీ చెప్పరు. నేను చెప్తా, వెనక్కి వచ్చే దారితో సహా. తమ్మీ, కర్నెల్ సోర్స్ తెచ్చి 22.04లోనే బైండెబ్-పీకేజీ టార్గెట్‌తో (డెబ్ ఫైళ్లు తయారుచేసేది) కట్టు. హెడర్లు నీ లిబ్‌సీకే ముడిపడతాయి, ఈ గొడవే రాదు. ఫ్లెక్స్, బైసన్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌ఈఎల్‌ఎఫ్-డెవ్, డ్వార్వ్స్ ముందే వేసుకో. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ (అప్పుడు వాడుకలో ఉన్న మాడ్యూల్స్‌నే ఉంచేది) వాడితే త్వరగా అవుతుంది, కాకపోతే పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివన్నీ తగిలించి ఉన్నప్పుడు నడుపు, లేకపోతే వాటి మాడ్యూల్స్ పోతాయి. 6.8ని మాత్రం తీసేయకు. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్‌లో (బూట్ మెనూలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు పోయి దాన్ని ఎంచుకో.

వనపర్తి_కుర్రాడు:
టెదరింగ్‌తో అప్‌గ్రేడ్ అయింది. 6.8లో వైఫై, ఎన్‌విడియా రెండూ వచ్చాయి, ఇద్దరికీ థాంక్స్ అన్నా. 6.10 సోర్స్ కూడా దింపాను. కట్టబోతే కనానికల్ (ఉబుంటు కంపెనీ) సర్ట్స్ పెమ్ అనే సర్టిఫికెట్ ఫైల్ లేదని ఆగింది.

పాలమూరు_ల్యాబ్:
కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ రెండూ ఖాళీ చేసి మళ్ళీ నడుపు. డీబగ్ ఇన్ఫో కూడా ఆపెయ్, లేకపోతే డిస్క్ నిండిపోతుంది.